వాలితే దూకెయ్

ఫిబ్రవరి 4, మంగళవారం

రథసప్తమి. దిక్కుమాలిన బండి ఇవాళే దిగింది.

మినీలారీ మీంచి దించుతుంటే వన్ టౌన్‌లో మా వీధి వీధంతా ఆగిపోయింది. తోపుడుబళ్ళవాళ్ళు ఎక్కడి బళ్ళక్కడ వదిలేసి వచ్చి చూశారు. జీపు కాదు, కారు కాదు, ట్రాక్టరూ కాదు. పక్కపక్కన రెండు సీట్లు, చుట్టూ ఇనప గొట్టాల పంజరం, తలుపులుండాల్సిన చోట ఖాళీ. స్టీరింగు ఎడమవైపు. రోడ్డు మీద తిరగకూడదట, నంబరు ప్లేటే ఇవ్వరట. గుట్టల్లో, దారి లేని చోట తోలుకోవటానికేనట.

"దారి లేని చోటికి బండెందుకే?" అన్నాను మనోజ్ఞతో.

"దారి ఉంటే నడిచే వెళ్ళచ్చుగా నాన్నా" అంది.

హైదరాబాదులో లక్షణమైన ఉద్యోగం మానుకుని వచ్చింది నా కూతురు. తనూ, స్నేహితురాలు దీవెనా కలిసి కొండపల్లి అవతల గుట్టల కింద మామిడితోట ఒకటి లీజుకి తీసుకున్నారు. జనాన్ని ఈ బండిలో ఎక్కించుకుని గుట్టల మీద తిప్పుతారట. ఒళ్ళు హూనం చేసుకోవటానికి టిక్కెట్టు కొనుక్కునే జనం ఉన్నారని నాకింతకాలం తెలియదు.

పూజారిగారికి బొట్టు ఎక్కడ పెట్టాలో అర్థం కాక బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, "ఇంటి పెద్ద తొక్కించాలండీ" అన్నాడు. మా ఆవిడ పద్మావతి నా మొహంలోకి చూసింది. దానికి తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా ట్రాక్టరు స్పేర్ పార్టుల షాపు నడుపుతున్నాను గానీ, స్టీరింగు పట్టుకుని ముప్ఫై ఏడేళ్ళయింది. స్కూటరు తప్ప ఏదీ తోలలేదు. నలుగురిలో కాదనలేక ఎక్కాను. మూడడుగులు కదిలించాను. నిమ్మకాయలు చితికాయి. దిగేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఫిబ్రవరికే ఈ ఎండలేంటో.

ఫిబ్రవరి 5

బండి తోటకి వెళ్ళిపోయింది. ఇల్లు ప్రశాంతంగా ఉంది. పొరపాటున బీపీ మాత్ర రెండుసార్లు వేసుకున్నాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం

తోటకి వెళ్ళాను. చూసొద్దామని, అంతే. ఎక్కే ఉద్దేశమే లేదు.

"ఒక్క రౌండు నాన్నా" అంది మనోజ్ఞ. దీవెన వెనకనించి, "భయమా అంకుల్?" అంది. కూతురి ఈడు పిల్ల భయమా అంటే ఏం చేస్తాం, ఎక్కాను.

గుట్ట పక్కన ఏటవాలు మీద బండి ఒక్కసారిగా పక్కకి వాలింది. "దూకు" అని అరిచానట. నాకు గుర్తులేదు. మనోజ్ఞ బండి ఆపి పడీ పడీ నవ్వింది.

"అది అంత వాలుతుంది నాన్నా, మళ్ళీ దానంతటదే నిలబడుతుంది. నువ్వింకా ట్రాక్టరు కాలంలోనే ఉన్నావు."

ఉన్నాను మరి. పామర్రు దగ్గర మా ఊళ్ళో, ట్రాక్టరు మడ్‌గార్డ్ మీద కూర్చోపెట్టే ముందు మా ఇంట్లో ప్రతివాళ్ళకీ చెప్పే మాట అది. వాలితే దూకెయ్. మనోజ్ఞకి మాటలు రాకముందే నేర్పాను. స్కూలు ఆటో ఎక్కినప్పుడూ అదే, రంగులరాట్నం ఎక్కినప్పుడూ అదే. మా అమ్మ పెట్టిన చట్టం, సురేష్ పోయాక.

సురేష్ నా తమ్ముడు. పంతొమ్మిదేళ్ళు. 1988 జనవరి. కాలవ గట్టు మీద, వెనక ధాన్యం బస్తాల ట్రక్కు తగిలించి ట్రాక్టరు తోలుకొస్తున్నాను. వాడు నాకు ఎడమపక్క మడ్‌గార్డ్ మీద కూర్చున్నాడు. గట్టు జారింది. దూకమన్నాను. దూకలేదు. నేను దూకాను, నేనున్నాను.

ఈ బండిలో మనోజ్ఞ కూర్చునేదీ ఎడమపక్కే.

ఇంకో సంగతి. దిగేటప్పుడు మనోజ్ఞ సీటుబెల్టు బకిల్ ఊడిరాలేదు. కొత్తది, బిగువు. రెండు చేతులతో నొక్కి, విసుక్కుని, తిట్టుకుని, అప్పటికి వచ్చింది. పది సెకన్లు. లెక్కపెట్టాను.

ఫిబ్రవరి 8, శనివారం

పనిముట్ల పెట్టె తీసుకుని తోటకి వెళ్ళాను. కొత్త బండికి బోల్టులన్నీ ఒకసారి బిగించుకోవాలే అంటే మనోజ్ఞ మురిసిపోయింది. "చూశావా దీవెనా, మా నాన్న దారిలోకొస్తున్నాడు" అంది. ఇద్దరూ భోజనానికి కొండపల్లి ఊళ్ళోకి వెళ్ళారు.

బోల్టులు బిగించాను. అన్నీ బిగించాను. తర్వాత మనోజ్ఞ సీటు బకిల్ విప్పాను. లోపల గొళ్ళెం లాంటి ముక్క ఒకటుంటుంది, బెల్టు నాలికని పట్టుకునేది. ఆకురాయి పెట్టి దాని అంచు అరగదీశాను. మామూలుగా కూర్చుంటే ఉంటుంది, టిక్కుమని చప్పుడూ వస్తుంది, లైటూ ఆరుతుంది. గట్టిగా ఒక్క ఊపు ఊపితే వచ్చేస్తుంది. పదిసార్లు లాగి చూశాను, పదిసార్లూ వచ్చింది.

పక్క సీటుది కూడా చేద్దామనుకునేలోపు వాళ్ళు వచ్చేశారు. మనోజ్ఞ నాకు బిర్యానీ పొట్లం తెచ్చింది.

చెప్పలేదు. చెబితే నవ్వుతుంది. తండ్రన్నవాడు అన్నీ చెప్పి చేస్తాడా? ఇప్పుడు బండి వాలితే అది దూకగలదు. నాకు కావలసింది అదొక్కటే.

ఫిబ్రవరి 9

బ్రహ్మాండంగా నిద్రపట్టింది. చానాళ్ళకి.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఎవరికి చెప్పుకోను.

మనోజ్ఞ వాళ్ళకి బండి నేర్పటానికి ఆమోసుగారని ఒకాయన వచ్చాడు. మిలిటరీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. యాభై దాటి ఉంటాయి, మాట నెమ్మది. నన్ను కూడా కూర్చోమన్నాడు. "పెద్దాయనా, మీరూ వినండి, రేపు మీరూ ఎక్కుతారుగా."

జేబులోంచి కొండపల్లి బొమ్మ తీశాడు. చిన్న ఎడ్లబండి, తోలేవాడి బొమ్మ దాని మీదే అతికించి ఉంటుంది. పక్కన ఒక వక్క పెట్టాడు. "ఈయన బెల్టు పెట్టుకున్న మనిషండీ. ఈ వక్క, బెల్టు లేనాయన." బండిని చేత్తో మెల్లిగా పక్కకి వాల్చాడు. వక్క జారి నేల మీద పడింది. వాలుతున్న బండి సరిగ్గా దాని మీదికే వచ్చి ఆగింది. బొమ్మ మాత్రం పక్కకి పడుకుని అలాగే నవ్వుతోంది.

"ఈ బండ్లలో చచ్చిపోయేది బోర్లాపడి కాదండీ. బయటికొచ్చి. దూకుదామని కొందరు, ఆపుదామని చెయ్యో కాలో బయట పెట్టి కొందరు. చుట్టూ ఈ గొట్టాలెందుకున్నాయి? లోపలున్నోణ్ణి కాయటానికి. వాలిందా, చేతులు లోపల, కాళ్ళు లోపల, బెల్టే మీ ప్రాణం. దూకారా, అయిపోయారు."

మనోజ్ఞ నా వైపు చూసి కన్నుకొట్టింది. "మా ఇంట్లో రూలు వేరండీ. వాలితే దూకెయ్."

ఆయన నవ్వలేదు. "ట్రాక్టరుకి బెల్టూ పంజరమూ ఉండవు కాబట్టి ఏదో అంటారమ్మా. దాని మీదైనా, ఎటు దూకుతామో ఎవరికి తెలుసు?"

నాకు ఆ తర్వాత ఆయనేం చెప్పాడో వినపడలేదు. దాని బకిల్ వైపే చూస్తూ కూర్చున్నాను. నా కూతురి బకిల్. నా చేతులతో అరగదీసింది.

ఫిబ్రవరి 12, బుధవారం

అరగదీసిన ఇనుము మళ్ళీ పెరుగుతుందా? ముప్ఫై ఏళ్ళు స్పేర్ పార్టులు అమ్మినవాణ్ణి, ఈ మాత్రం తెలియదా నాకు. పక్క సీటుది తీసి ఇటు వేద్దామా అనుకున్నాను. అప్పుడు పాడైనది దీవెన వైపు వెళుతుంది. అదీ ఒకళ్ళు కన్న బిడ్డే.

షోరూంకి ఫోన్ చేసి, నా పేరు చెప్పి, కొత్త బకిల్ కావాలన్నాను. చెన్నై నించి రావాలట, పది పన్నెండు రోజులట. "ఏమైందండీ, ఫాల్టా?" అన్నాడు కుర్రాడు. "కాదయ్యా, స్పేర్ ఉంటుందని" అన్నాను.

పది రోజులు ఏదో ఒకటి చెప్పి బండి ఎక్కకుండా ఆపితే చాలు. కొత్తది రాగానే గుట్టుచప్పుడు కాకుండా మార్చేస్తాను. ఎవరికీ తెలియాల్సిన పనిలేదు.

ఫిబ్రవరి 13

బండి తాళం కనపడటం లేదని మనోజ్ఞ ఇల్లంతా పీకి పందిరేసింది. నన్నడిగితే నాకేం తెలుసే అన్నాను. మధ్యాహ్నం పద్మావతి బియ్యం కొలుస్తుంటే డబ్బాలో దొరికింది. ఇద్దరూ నా వైపు చూశారు. షాపుకి పనుందని బయటపడ్డాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఆదివారం గుట్ట పైదాకా ట్రయల్ వేస్తారట. దీవెన ఫోన్లో చెబుతుంటే విన్నాను.

పద్మావతి కాఫీ ఇస్తూ పక్కన కూర్చుంది. "ఏవండీ, దానికి మీరు మాటివ్వాలి. దాని మానాన దాన్ని బతకనివ్వండి. మీ భయం మీకుంది, కాదనను. అత్తయ్యగారు పోయేదాకా ఒకటే మాట అనుకునేవారు, పెద్దాడి మాట విని దూకుంటే చిన్నాడు బతికేవాడు అని. అలాగని ప్రతి బండీ పడదు కదా."

చెబుదామని నోరు తెరిచాను. బకిల్ సంగతి చెప్పాలంటే ఎందుకు చేశానో చెప్పాలి. ఎందుకు చేశానో చెప్పాలంటే గట్టు సంగతి చెప్పాలి. గట్టు సంగతి అందరికీ తెలిసిందేగా. దూకమన్నాను. దూకలేదు. జారి ట్రక్కు కింద పడ్డాడు. ఊరంతా అదే చెప్పుకున్నారు. నేను చెబితేనే కదా చెప్పుకున్నారు.

కాఫీ చల్లారిపోయింది.

ఫిబ్రవరి 15

రేపు పొద్దున్న కాఫీ తాగుతూ చెప్పేస్తాను. తిడితే తిట్టనీ.

ఫిబ్రవరి 16, ఆదివారం

లేచేసరికి వెళ్ళిపోయింది. ఎండెక్కకముందే ట్రయల్ వేద్దామని ఆమోసుగారు తొందరగా రమ్మన్నాడట. ఫోను కలవటం లేదు, గుట్టల్లో సిగ్నల్ ఉండదు. పద్మావతి ఇడ్లీ తినమంటోంది. ఆటో మాట్లాడుకుని

ఫిబ్రవరి 17, సోమవారం

ఎడమచేతికి కట్టు. కుడిచెయ్యి బాగానే ఉంది కాబట్టి రాస్తున్నాను. పద్మావతి పూజ గదిలో ఉంది. మనోజ్ఞ ఇంకా లేవలేదు.

నిన్న ఆటోవాణ్ణి చంపుకు తిన్నాను తొందరపెట్టి. తోట దగ్గర ఎవరూ లేరు. గుట్ట మీద పైన దుమ్ము లేస్తోంది. ఎక్కాను. చెప్పులో ముల్లు దిగినా ఆగలేదు. పైకి చేరేసరికి బండి ఆగి ఉంది. మనోజ్ఞ స్టీరింగు దగ్గర, దీవెన పక్క సీట్లో, ఆమోసుగారు కింద నిలబడి దిగాల్సిన దారి చూపిస్తున్నాడు. బతికుంది. ఊపిరి పీల్చుకున్నాను.

"నాన్నా! నడిచొచ్చావా?"

"దిగు" అన్నాను.

"ఏమైంది? అమ్మ బానే ఉందా?"

అప్పుడు చెప్పాల్సింది. రెండు మాటలు. అమ్మా, నీ బెల్టు పాడుచేశాను, దిగు. అంతే. ఆమోసుగారు చూస్తున్నాడు, దీవెన చూస్తోంది. నోట్లోంచి వచ్చిందేమిటంటే, "నేను తోల్తాను. నువ్వు పక్కన కూర్చో."

మనోజ్ఞ మొహం వెలిగిపోయింది. అది చూసి నేను అక్కడే కూలిపోవాల్సింది. "నిజంగా? నువ్వా? దీవెనా, వీడియో తియ్యి వీడియో!" దీవెన దిగింది. మనోజ్ఞ అటు మారింది, మంచి బెల్టు వైపుకి. నేను నా చేత్తో పాడుచేసిన సీట్లో కూర్చున్నాను. టిక్కుమంది. సరిగ్గా నేను కోరుకున్నట్టే టిక్కుమంది.

ఆమోసుగారు వంగి, "మెల్లిగా అండీ. బ్రేకు తొక్కి పట్టుకోకండి. ఎడమపక్క వాన నీటికి కోసుకుపోయిన చోటుంది, దాని జోలికి పోకండి" అన్నాడు.

దాని జోలికే పోయాను. దేన్ని చూడకూడదనుకుంటామో దాన్నే చూస్తాం. స్టీరింగు చేతులకి తగలగానే గులకరాళ్ళు కనపడలేదు నాకు, కాలవ కనపడింది. బ్రేకు మీద లేచి నిలబడ్డాను. ఎడమ ముందు చక్రం గోతిలోకి దిగింది. బండి వాలింది. మొన్నటి వాలు కాదు. ఇంక లేవని వాలు.

"దూకు!" అని అరిచాను. ఈసారి గుర్తుంది. నా గొంతు నాకే వినపడింది, ఇరవై రెండేళ్ళప్పటి గొంతు.

నా బెల్టు వచ్చేసింది. నేను బయటికి జారిపోతున్నాను, ఎడమచెయ్యి నేలని ఆపటానికి ముందే బయటికెళ్ళిపోయింది. మెడ దగ్గర చొక్కా బిగుసుకుంది. మనోజ్ఞ కుడిచేత్తో గొట్టం పట్టుకుని ఎడమచేత్తో నా కాలర్ పట్టుకుంది. "లోపలుండు నాన్నా! లోపలుండు!" బండి పక్కకి పడుకుంది. చెయ్యి ఎక్కడో నలిగింది. దుమ్ము. ఇంజను ఆగిపోయింది. నా పైన, సీట్లో, బెల్టుకి వేలాడుతూ అది. నా కాలర్ వదల్లేదు. మెడ మీద ఇప్పటికీ గీత ఉంది.

దానికి ఒక్క గోరు గీరుకుపోలేదు.

ఆమోసుగారు మమ్మల్ని బయటికి లాగి, నా చేతికి కర్రలు కట్టి, తర్వాత బకిల్ చేతిలోకి తీసుకుని చానాసేపు చూశాడు. "లాక్ అయిన బెల్టు ఇలా రాకూడదమ్మా."

మనోజ్ఞ మండిపడింది. "కొత్త బండండీ! ఇలాంటి బెల్టు పెట్టి అమ్ముతారా? మా నాన్న చచ్చిపోయేవాడు. వాళ్ళని వదలను. రేపు షోరూం తెరవగానే చూడండి."

ఆమోసుగారు నావైపు చూశాడు. ఆకురాయి గీతలు ఆయనకి తెలియకుండా ఉంటాయా. ఏమీ అనలేదు. ఆయన అనకపోవటంతో నాకు ధైర్యం వచ్చింది. ఆసుపత్రిలో కట్టు కడుతున్నంతసేపూ అదే ఆలోచన. వాళ్ళ తప్పే అనుకోనీ. కంపెనీ అన్నాక తప్పులుండవా. నేను నోరు మూసుకుంటే చాలు. ఒకసారి మూసుకున్న నోరేగా.

పదింటికి షోరూం తెరుస్తారు. మనోజ్ఞ ఫోన్ చేస్తే, మీ నాన్నగారు పన్నెండో తారీఖునే కొత్త బకిల్ ఆర్డరు పెట్టారు కదండీ అంటాడు ఆ కుర్రాడు. ఇప్పుడు తొమ్మిదీ ఇరవై. నాకిప్పుడొచ్చిన ధర్మబుద్ధి ఎక్కడిదో నాకు తెలుసు, గొప్పలు చెప్పుకోను.

అదే రోజు, సాయంత్రం

చెప్పాను. ఇద్దరినీ కూర్చోపెట్టి చెప్పాను. బకిల్ ముందు. అది చెప్పాక మనోజ్ఞ "ఎందుకు?" అంది, అంతే. తిట్టలేదు. తిడితే బాగుండేది.

అందుకని గట్టు సంగతి కూడా చెప్పాను. ట్రాక్టరు పడలేదని చెప్పాను. వాలింది, గట్టు వార తుమ్మచెట్టుకి ఆనుకుని ఆగిపోయింది. ఎడమ మడ్‌గార్డ్ మీద వాడు పరుచుకున్న గోనెసంచి మడత కూడా చెదరలేదు. వాడు అక్కడే కూర్చుని ఉంటే నన్ను చూసి నవ్వేవాడు. వెనకనించి ట్రక్కు ఇంకో రెండు గజాలు ముందుకొచ్చింది. ఆ రెండు గజాల్లో వాడున్నాడు. నేను కుడివైపు దూకాను, మోకాలు దోక్కుపోయింది.

ఊళ్ళోవాళ్ళు పరిగెత్తుకొచ్చి ఏమైందిరా అంటే నోటికొచ్చింది చెప్పాను. సాయంత్రానికి అది నిజమైపోయింది. అమ్మ నన్ను పొదువుకుని, నువ్వు చెబుతూనే ఉన్నావంట కదరా, వాడు వినలేదంట కదరా అని ఏడ్చింది. ఏమనను?

పద్మావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అత్తయ్యగారు ఆ మాట నమ్ముకునే పోయారండీ. పోయినవాణ్ణి తిట్టుకుంటూ పోయారు, అన్న మాట వినలేదని."

ఆ సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు. చచ్చిపోయినవాడి మీద అవిధేయత కూడా వేశాను.

మనోజ్ఞ లేచి గదిలోకి వెళ్ళింది. షోరూంకి ఫోన్ చెయ్యలేదు.

ఫిబ్రవరి 20

మాట్లాడటం లేదు. అన్నం పెట్టమ్మా అంటే పెడుతుంది. మందు వేసుకున్నావా అని వాళ్ళమ్మ చేత అడిగిస్తుంది.

ఫిబ్రవరి 22

"బాబాయి ఫొటో ఉందా?" అంది గుమ్మంలోంచి. ఇంటర్ హాల్ టిక్కెట్టు మీదది ఒక్కటే ఉంది. ఇచ్చాను. తీసుకెళ్ళింది.

ఫిబ్రవరి 25, మంగళవారం

చెన్నై నించి పార్సిల్ వచ్చింది. మనోజ్ఞ దాన్ని తెచ్చి నా ఒళ్ళో పడేసి, "పద" అంది. ఎనిమిది రోజుల్లో నాతో అన్న రెండో మాట.

తోటలో బండి కడిగి ఉంది. ఎడమపక్క గొట్టం మీద గీతలు.

"నువ్వే బిగించు" అంది.

"నాకొద్దే. ఆమోసుగారి చేత పెట్టించు. నా చేతులు..."

"ఎవరు పెట్టినా తర్వాత నువ్వు దొంగతనంగా వచ్చి చూసుకుంటావు నాన్నా. నాకు తెలీదా నీ సంగతి? బిగించు."

ఒంటిచేత్తో బోల్టు తిప్పాను, పానా మనోజ్ఞ పట్టుకుంది. పాత బకిల్‌ని దాని ఎదురుగానే సుత్తితో కొట్టాను, ఇంకెవరికీ పనికిరాకుండా. తర్వాత అది సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. టిక్కుమంది.

"లాగు" అంది.

లాగాను. "గట్టిగా" అంది. సీటుకి కాలు తన్నిపెట్టి, నా బరువంతా వేసి లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను. రాలేదు. ఎన్నిసార్లు లాగానో తెలియదు, చివరికి అదే నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఏడుస్తున్నాననుకుంటా.

"ఎక్కుతావా?" అంది.

"ఇవాళొద్దమ్మా. కింద నించుంటాను."

ఒక్కతే వెళ్ళింది. గుట్ట సగం ఎక్కేదాకా బండి కనపడింది, తర్వాత దుమ్మే. మలుపు దగ్గర ఎటో వాలినట్టు చప్పుడు మారింది. నా నోట్లోకి ఆ మాట వచ్చేసింది. పళ్ళు బిగించి పట్టుకున్నాను. బండి పైకి తేలింది, మనోజ్ఞ అటునించి చెయ్యి ఊపబోయి, గుర్తొచ్చినట్టుంది, లోపలికి పెట్టుకుని హారన్ కొట్టింది.

భయం పోలేదు. పోతుందని కూడా అనుకోవటం లేదు. కానీ జరిగింది జరిగినట్టు ఒక చోట రాసిపెట్టుకోవాలి, మళ్ళీ రేపెప్పుడో నాకు అనుకూలంగా గుర్తు తెచ్చుకోకుండా.

మనోజ్ఞని దూకమన్నాను. దూకలేదు.

సురేష్‌ని దూకమన్నాను. దూకాడు.